రైలుపెట్టెల బడి, ఏడేళ్ళ పలక

పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో వేసే వేళకి చాలా ఇళ్ళల్లో రెండు పక్షాలు తయారవుతాయి. "ఆ పెద్ద స్కూల్లో చదువు గట్టిగా చెప్తారట, యూకేజీ అయ్యేసరికి ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చేస్తుందట" అని నాన్న. "వద్దండీ, మనవాడు మెతక. పక్క వీధిలో చిన్న బడి ఉంది. అక్కడ పిల్లల్ని కసురుకోరు, ఏడవకుండా వెళ్తాడు" అని అమ్మ. చివరికి పంచాయతీ నా దగ్గరికి వస్తుంది. చదువా, మనసా, రెండిట్లో ఏది వదులుకోమంటారు తాతయ్యా అని అడుగుతారు.

ఏదీ వదులుకోనక్కర్లేదర్రా. చదువుకి ఎక్కువ టైమిస్తే మనసుకి తగ్గుతుందనీ, మనసుని చూసుకుంటూ కూర్చుంటే మార్కులు పోతాయనీ మనకి ఒక లెక్క పాతుకుపోయింది. పిల్లవాడి మెదడులో ఆ లెక్క చెల్లదు. వాడు కూడిక చేసుకునే చోటే భయం కూడా వచ్చి కూర్చుంటుంది. భయాన్ని లేపి పంపిస్తే ఆ చోటు కూడికకి మిగులుతుంది. ఈ సంగతి మీద ప్రయోగాల్లో చాలావరకు ఈమధ్య కాలంలోవే. వాటికి చాలా ముందే ఒక హెడ్మాస్టరు బడి పెట్టి మరీ చూపించాడు. ముందు ఆ బడి కబుర్లు చెప్తాను, సైన్సు దారిలో దానంతటదే కలుస్తుంది.

బడి పేరు టొమోయె గాకుయెన్. ఊరు టోక్యో, పేట జియుగావొకా. సొసాకు కొబయాషి అనే ఆయన 1937లో సొంతంగా పెట్టుకున్న ప్రైవేటు ప్రాథమిక పాఠశాల అది. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే చదువుకునేవారు. బడి మొత్తానికి యాభై మంది, ఒకటో తరగతిలో తొమ్మిదిమందే. తరగతి గదులు మామూలు గదులు కావు, వాడకంలోంచి తీసేసిన రైలుపెట్టెలు. అక్కడ చదివిన ఒక పిల్ల, టెట్సుకో కురొయనాగి, పెద్దయ్యాక జపాన్ టెలివిజన్‌లో ఇంటింటికీ తెలిసిన మనిషైంది. 1981లో ఆవిడ తన చిన్ననాటి బడి గురించి ఒక పుస్తకం రాస్తే ప్రపంచమంతా చదివింది. తెలుగులో 'రైలుబడి' పేరుతో వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు.

ఈ కొబయాషి గారు 1893లో టోక్యోకి వాయవ్యాన ఒక పల్లెలో, బీద రైతు కుటుంబంలో పుట్టాడు. సంగీతమంటే ప్రాణం. చిన్న పంతులుగా మొదలై, సంగీతం నేర్చుకుని, యూరప్ వెళ్ళి, పారిస్‌లో ఎమిల్ జాక్ దాల్‌క్రోజ్ అనే స్విస్ సంగీత గురువు దగ్గర శిష్యరికం చేశాడు. తిరిగొచ్చి ఇంకో బడిలో పనిచేసి, చివరికి తన బడి తనే పెట్టుకున్నాడు. బడి గుర్తు ఏమిటో తెలుసా? కామా ఆకారంలో ఉన్న రెండు బొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని నిండు గుండ్రం అవుతాయి. ఒకటి శరీరం, ఒకటి మనసు. రెండూ సరిసమానంగా ఎదగాలని ఆయన ఉద్దేశం.

టెట్సుకోని చిన్నప్పుడు టోటోచాన్ అని పిలిచేవారు. ఒకటో తరగతిలోనే మొదటి బళ్ళోంచి పంపించేశారు ఆ పిల్లని. నేరం ఏమిటంటే, డెస్కు మూత పదేపదే తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే మేళంవాళ్ళని పిలవడం, చూరులో గూడు కట్టుకునే పిట్టలతో కబుర్లాడ్డం. వాళ్ళమ్మ ఆ పిల్లని ఈ రైలుపెట్టెల బడికి తీసుకొచ్చింది. హెడ్మాస్టరు తల్లిని ఇంటికి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకు చెప్పాలనిపించిందల్లా చెప్పమన్నాడు. ఆ పిల్ల మొదలుపెట్టింది. ఎక్కివచ్చిన రైలు, పాత బళ్ళో అందమైన టీచరు, ఇంట్లో కుక్క, ముక్కు చీదడం, నాన్నగారి ఈత, ఇలా నాలుగు గంటలు. ఆయన ఒక్కసారి ఆవులించలేదు, గడియారం చూడలేదు. అంతా అయ్యాక, ఇక నువ్వు ఈ బడి పిల్లవే అని చెప్పి అన్నానికి తీసుకెళ్ళాడు.

అడ్మిషన్ ఇంటర్వ్యూలో మన స్కూళ్ళు ఐదేళ్ళ పిల్లల్ని రంగుల పేర్లూ రైములూ అడుగుతాయి. పిల్లవాడికి ఏం వచ్చో అందులో తెలుస్తుంది. వాడి బుర్రలో అప్పుడు ఏం తిరుగుతోందో తెలియదు. చదువు చెప్పాల్సిన మనిషికి రెండోది ఎందుకంత ముఖ్యమో చెప్తాను వినండి.

మీ చిన్నప్పటి పలక గుర్తు తెచ్చుకోండి. నాలుగు వరసలు రాస్తే నిండిపోయేది. కొత్తది రాయాలంటే పాతది చెరపాలి. మెదడులో అలాంటి పలక ఒకటుంది. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఈ క్షణంలో మనం మనసులో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్న సంగతులు దానిమీద ఉంటాయి. జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో, దానిమీద సుమారు ఏడు సంగతులు పడతాయన్నాడు. 2001లో నెల్సన్ కొవాన్ ఆ లెక్కని సరిచూసి, గట్టిగా పట్టేవి నాలుగే అన్నాడు. ఇది పెద్దవాళ్ళ సంగతి. ఏడేళ్ళవాడి పలక ఇంకా చిన్నది.

ఇప్పుడు వాడికి 47, 38 కలపమని నోటిలెక్క ఇచ్చాం. ఏడూ ఎనిమిదీ పదిహేను. ఐదు వేసి, చేతిలో ఒకటి పెట్టుకోవాలి. నాలుగూ మూడూ ఏడు, చేతిలో ఒకటి కలిపితే ఎనిమిది. ఎనభై ఐదు. ఈ మధ్యలో వాడి పలకమీద అసలు అంకెలు ఉండాలి, వేసిన ఐదు ఉండాలి, చేతిలో ఒకటి చెరక్కుండా ఉండాలి. పలక దాదాపు నిండినట్టే. సరిగ్గా అప్పుడే 'మిస్సు నన్నే లేపుతుందేమో' అని ఒక వరస, 'తప్పయితే వెనక బెంచీవాళ్ళు నవ్వుతారు' అని ఇంకో వరస వచ్చి పడ్డాయి. ఏదో ఒకటి చెరగాలి. చెరిగేది చేతిలో ఒకటి. వాడు లేచి "సెవంటీ ఫైవ్ మిస్" అంటాడు. మనం వాడికి కూడికలు రావని రిపోర్టు కార్డులో రాస్తాం. కూడిక వచ్చు నాయనా వాడికి. చోటు లేదంతే.

ఇది నా ఊహ కాదు. 2001లో మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లల మీద ఇదే చూశారు. కొన్ని అక్షరాలు గుర్తుంచుకోమని చెప్పి, మధ్యలో కూడికలు ఇచ్చారు. లెక్కలంటే భయం ఉన్నవాళ్ళు ఎక్కడ జారారంటే, సరిగ్గా చేతిలో ఒకటి పెట్టుకోవాల్సిన కూడికల్లో. 2011లో జెరార్డో రమిరేజ్, సియాన్ బైలాక్ అనే వాళ్ళు ఇంకో పని చేశారు. పరీక్షకి ముందు పది నిమిషాలు, ఆ పరీక్ష గురించి మనసులో ఉన్న బెంగంతా కాగితం మీద రాసేయమన్నారు. పరీక్షలంటే వణికే పిల్లలకి మార్కులు పెరిగాయి. ట్యూషన్ లేదు, గైడు లేదు. పలకమీద ఉన్న బెంగ కాగితం మీదికి దిగింది, పలక ఖాళీ అయింది. ఈ కళ్ళతో ఆ నాలుగు గంటల కబుర్లని చూడండి. కొత్త బళ్ళో అడుగుపెట్టిన పిల్ల బుర్రలో కిక్కిరిసి ఉన్నదంతా ఆయన అలా దింపించాడు.

ఒంట్లో ఏం జరుగుతుందో కూడా కాస్త చెప్పుకుందాం. ఆ పలకని మోసేది ముఖ్యంగా నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అపాయాన్ని పసిగట్టేది లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా. అది గంట కొట్టగానే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం పొంగుతుంది. అది మోతాదు మించితే నుదుటి వెనక అల్లికలు పట్టు సడలించేస్తాయి. పులి ఎదురైనప్పుడు ఆలోచిస్తూ నిలబడకుండా పరిగెత్తమని ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పులి దగ్గర పనికొచ్చేదే, తరగతి గదిలో పనికిరాదు. వెనకాలే కార్టిసాల్ అనే హార్మోను నింపాదిగా ఎక్కుతుంది. రక్తంలో అది శిఖరానికి చేరేసరికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, దిగడానికి ఇంకా ఎక్కువ. మొదటి పీరియడ్ చివర తిన్న తిట్టు రెండో పీరియడ్ అంతా వాడి ఒంట్లో తిరుగుతూనే ఉంటుందన్నమాట. రెండో పీరియడ్ టీచరుకి పాపం ఆ సంగతి తెలియదు.

ఇక్కడ మా వయసువాళ్ళు ఒకమాట అడ్డం వేస్తారు. "మా మాస్టారు తొడపాశం పెట్టబట్టే మాకు ఎక్కాలు వచ్చాయి. గోడకుర్చీ వేయించారు, కోదండం వేయించారు, మేం పైకి రాలేదా?" అంటారు. ఈ మాటని కొట్టిపారేయకూడదు. ఇందులో కొంత నిజం ఉంది. ఎంత నిజం ఉందో 1908లోనే హార్వర్డులో రాబర్ట్ యెర్కిస్, జాన్ డాడ్సన్ ఎలుకల మీద కొలిచి చూశారు. అవి మామూలు ఎలుకలు కావు. జపాన్ నాట్యపుటెలుకలని, లోపలి చెవిలో లోపం వల్ల గిరగిరా తిరిగే చిట్టెలుకలు. వాటి ముందు తెల్లదీ నల్లదీ రెండు ద్వారాలు పెట్టారు. తెల్లదాంట్లోకి వెళ్తే దారి, నల్లదాంట్లోకి వెళ్తే కరెంటు చురక. తెలుపూ నలుపూ బాగా తెలిసేటంత వెలుతురు ఉన్నప్పుడు చురక ఎంత గట్టిదైతే ఎలుక అంత త్వరగా నేర్చుకుంది. వెలుతురు తగ్గించి, ఏది తెలుపో ఏది నలుపో పోల్చుకోవడం కష్టం చేసినప్పుడు ఫలితం తిరగబడింది. చురక మరీ పెరిగినకొద్దీ ఎలుక మరీ ఆలస్యంగా నేర్చుకుంది. ఆ కష్టమైన పనికి తక్కువ చురకే మేలైంది.

ఎలుకకీ పిల్లవాడికీ చాలా దూరం ఉంది, ఒప్పుకుంటాను. అయినా మన పాత మాస్టార్ల పద్ధతి గురించి ఈ ప్రయోగం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. ఏడో ఎక్కం వల్లించడానికి ఆలోచన అక్కర్లేదు, వల్లె వేస్తే చాలు. అక్కడ బెత్తం పనిచేసినట్టే కనిపిస్తుంది. అదే పిల్లవాడికి 'బుట్టలో ఉన్న మామిడిపళ్ళలో మూడోవంతు అమ్మాక పద్దెనిమిది మిగిలాయి, మొదట ఎన్ని?' అని ఇవ్వండి. మూడోవంతు పోతే మిగిలింది రెండువంతులని పోల్చుకోవాలి, ఒక్కో వంతు తొమ్మిదని పట్టుకోవాలి, ఇరవై ఏడు దగ్గర ఆగాలి. బెత్తం ఎదురుగా ఉంటే వాడు పద్దెనిమిదిని మూడుతో గుణించి పారేసి చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. మా తరంలో ఎక్కాలు వచ్చినవాళ్ళు కోకొల్లలు, ఇలాంటి లెక్క ఎదురైతే ఈరోజుకీ బిక్కమొహం వేసేవాళ్ళూ కోకొల్లలు. మన విద్యాహక్కు చట్టం, 2009లో చేసింది, పదిహేడో సెక్షన్‌లో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ రెండోది నాకు మరీ నచ్చింది. చెయ్యి ఎత్తకుండా మాటతో ఒళ్ళు చీరేసేవాళ్ళు ఉంటారు.

భయం లేదంటే చదువు లేదనుకునేరు. టొమోయెలో చదువు గట్టిగానే ఉండేది, నడిచే తీరే వేరు. పొద్దున్నే టీచరు ఆరోజు చేయాల్సిన అన్ని సబ్జెక్టుల ప్రశ్నలూ బోర్డు మీద రాసేసేవారు. ఏది ముందు చేసుకుంటావో నీ ఇష్టం. ఒకడు వ్యాసం రాస్తుంటే, వెనక ఒకడు స్పిరిటు దీపం వెలిగించి ఫ్లాస్కులో ఏదో కాస్తుండేవాడు. సాయంత్రానికి అందరూ అన్నీ చేయాల్సిందే. ఎవరు దేంతో మొదలుపెడుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అన్నది టీచరుకి రోజూ కళ్ళముందు కనిపించేది. ఉదయం పని అయిపోతే మధ్యాహ్నం ఊళ్ళోకి షికారు. దారిలో ఆవపువ్వు కనిపిస్తే అక్కడే నిలబడి కీలాగ్రం ఏది, కేసరాలు ఏవి అని చూసేవారు. పది నిమిషాల పాఠం. పిల్లలు దాన్ని ఆటే అనుకునేవారు.

దాల్‌క్రోజ్ దగ్గర నేర్చుకున్న విద్య ఏమైందంటారా? రోజూ హాల్లో హెడ్మాస్టరు పియానో వాయిస్తే పిల్లలు తాళానికి అడుగులు వేసేవారు. కాళ్ళు ఒక లెక్కలో, చేతులు ఇంకో లెక్కలో. పాట వేగం మారితే ఒళ్ళు మారాలి, ఆగితే ఆగిపోవాలి. చూసేవాళ్ళకి ఇది డాన్సు క్లాసు. మెదడుకి మాత్రం గట్టి కసరత్తు. వేసేద్దామనుకున్న అడుగుని ఆఖరి క్షణంలో ఆపుకోవడం, నియమం మారగానే మారిపోవడం, రెండు లెక్కల్ని ఒకేసారి పట్టుకోవడం, ఈ మూడూ నుదుటి వెనక కార్టెక్స్ చేసే పనులే. ఇరవై అయిదేళ్ళ వయసు దాకా ఆ భాగం ముదురుతూనే ఉంటుంది. 2011లో ఏడెల్ డైమండ్, కాథ్లీన్ లీ నాలుగేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగుచేసి చూస్తే, ఈ పట్టుని పెంచేవాటిలో కొన్ని బడి పద్ధతులతోపాటు వ్యాయామం, యోగా, కరాటేలాంటి విద్యలు కూడా కనిపించాయి. మన దగ్గర పీటీ పీరియడ్‌ని లెక్కల సారు లాగేసుకోవడం మామూలు. ఆ పీరియడ్ లెక్కలకే పనికొస్తోందని ఆయనకి ఎవరైనా నచ్చచెప్పాలి.

భోజనాల దగ్గర ఒక ముచ్చట జరిగేది. పిల్లల క్యారేజీల్లో సముద్రంలోది కొంత, కొండమీదది కొంత ఉండాలని నియమం. ఏదైనా తగ్గితే హెడ్మాస్టరు గారి భార్య రెండు గిన్నెలు పట్టుకుని వచ్చి వడ్డించేది. ఇంత తేలిగ్గా చెప్తే ఏ తల్లికైనా సమతుల ఆహారం అర్థమైపోతుంది. తింటున్నప్పుడు రోజుకో పిల్ల మధ్యలో నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి. ఒకరోజు ఒక అబ్బాయి, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు పొమ్మన్నాడు. హెడ్మాస్టరు నవ్వి, అయితే చెప్పడానికి నీ దగ్గర ఏమీ లేదన్నమాట, ఇవాళ పొద్దున్నించి నువ్వు ఏం చేశావో గుర్తుచేసుకో అన్నాడు. వాడు బుర్ర గోక్కున్నాడు. పొద్దున లేచాను అన్నాడు. ఆ తర్వాత? మళ్ళీ బుర్ర గోక్కున్నాడు. అమ్మ పళ్ళు తోముకోమంది, తోముకున్నాను. ఆ తర్వాత బడికి వచ్చాను. అంతే, హెడ్మాస్టరు ముందు చప్పట్లు కొట్టాడు, పిల్లలందరూ కొట్టారు. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయిందని రాసింది కురొయనాగి.

ఆ బుర్ర గోక్కునే వ్యవధి ఉంది చూశారూ, దాన్ని గడియారం పెట్టి కొలిచిన మహాతల్లి ఒకావిడ ఉంది, మేరీ బడ్ రో. అమెరికాలో ప్రాథమిక తరగతుల సైన్సు పాఠాలు టేపుల మీద రికార్డు చేసి విన్నది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఎంతసేపు ఆగుతోందో తెలుసా? సుమారు ఒక్క సెకను. ఈలోగా జవాబు రాకపోతే ఇంకొకర్ని లేపడమో, తనే చెప్పేయడమో. టీచర్లకి శిక్షణ ఇచ్చి ఆ ఒక్క సెకనునీ మూడు సెకన్లు చేసింది రో. పిల్లల జవాబులు పొడుగయ్యాయి. తెలియదనడం, నోరు విప్పకపోవడం తగ్గాయి. మొద్దులని ముద్రపడ్డ పిల్లలు చెయ్యెత్తడం మొదలుపెట్టారు. పిల్లలు టీచర్ని ప్రశ్నలు అడగడం కూడా పెరిగింది. 1970లలో బయటపడ్డ సంగతి ఇది. నాకు తెలిసి బళ్ళో పెట్టగల సంస్కరణల్లో ఇంతకంటే చవకైనది లేదు. పైసా ఖర్చు లేదు.

ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదవడం గురించి కూడా చెప్పాలి. టోటోచాన్ జడల్ని ఒక అబ్బాయి పట్టుకు లాగాడు. ఏడుస్తూ హెడ్మాస్టరు దగ్గరికి పోయింది. సాయంత్రం ఆ అబ్బాయి వచ్చి, ఆడపిల్లలతో మర్యాదగా ఉండాలని హెడ్మాస్టరు గారు చెప్పారు, తప్పైంది అన్నాడు. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది, ఆరోజుల్లో ఇంటా బయటా మగపిల్లలకే ముందు పీట మరి. ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన సమానత్వం వచ్చెయ్యదు. ఇలా ఎవరో ఒకరు ఆ పూటకి ఆ పూట నిలబడి చెప్పాలి.

టీచరు నోటితో చెప్పేదే కాదు, మనసులో పెట్టుకున్నది కూడా పిల్లలకి అందుతుంది. బైలాక్ బృందమే 2010లో అమెరికాలో ఒకటి, రెండు తరగతులు చెప్పే పంతులమ్మల్ని పరిశీలించింది. లెక్కలంటే తనకే గుబులుగా ఉన్న టీచరు దగ్గర చదివిన ఆడపిల్లల్లో, ఏడాది తిరిగేసరికి, లెక్కలు మగపిల్లల సొత్తనే నమ్మకం ఎక్కువగా కనిపించింది. అలా నమ్మిన ఆడపిల్లలకే లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఏడాది మొదట్లో ఈ తేడా లేదు. నిజానికి లెక్కలకి ఆడా మగా అనే భేదం ఏమైనా ఉందా అంటే, 2008లో జానెట్ హైడ్ బృందం డెబ్బై లక్షలకి పైగా అమెరికా విద్యార్థుల పరీక్షల మార్కులు తిరగేసి, చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. మన ఇళ్ళల్లో "నాకూ లెక్కలు రావులే తల్లీ, దానికి నా పోలికే" అని కూతురి ఎదురుగా అంటుంటారు. ఆ మాట మానండమ్మా. ప్రేమతో అన్నదైనా సరే, ఆ పిల్ల నమ్మేస్తుంది.

ఈ బడిలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఎత్తు పెరగని ఒక అబ్బాయి సంగతి. చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉండేవి, ఇక పెరగవని తెలిసిన జబ్బు. కొబయాషి ఆటలపోటీలు ఎలా తయారుచేశాడంటే, గుడ్డతో కుట్టిన చేపబొమ్మల్లోంచి దూరి బయటికి రావాలి, చిన్న మెట్లమీద పరిగెత్తాలి. పొడుగు కాళ్ళవాళ్ళు చిక్కుకుపోయేవారు, ఈ అబ్బాయి దూసుకుపోయేవాడు. మొదటి బహుమతులన్నీ వాడివే. బహుమతులంటే ముల్లంగి, పాలకూర. ఇంటికి తీసుకెళ్ళి మీరు సంపాదించిన కూరతో అన్నం తినండి అనేవాడు ఆయన. ఇంకో సంగతి. ఒక పాఠంలో, పూర్వం మనుషులకి తోక ఉండేదని చెప్తూ టీచరు ఆ అబ్బాయిని, నీకింకా తోక ఉందా అని సరదాగా అడిగింది. ఆ సాయంత్రం వంటగదిలో, పిల్లలెవరూ లేనిచోట, హెడ్మాస్టరు ఆవిడ మీద మండిపడ్డాడు. ఆ ప్రశ్న వాడి గుండెకి ఎలా తగిలిందో మీకు తెలియలేదా అని. చాటుగా టోటోచాన్ విన్నది కాబట్టి మనకి తెలిసింది. టీచర్ని మందలించడంలో కూడా, తోటి టీచర్ల గదిలో కాకుండా, ఆవిడ పరువు కాపాడే చోటు చూసుకున్నాడు చూడండి.

మరి పిల్లలు నెత్తికెక్కరా? ఒకసారి టోటోచాన్‌కి ఇష్టమైన పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోయింది. ఆ పిల్ల గరిట పట్టుకుని మూత తీసి, గుంటలోదంతా బయటికి తోడడం మొదలుపెట్టింది. పక్కన పెద్ద కుప్ప అయింది. హెడ్మాస్టరు అటుగా వచ్చాడు. ఏం చేస్తున్నావన్నాడు. పర్సు పడిపోయిందంది. అయ్యాక ఇదంతా మళ్ళీ లోపల వేసేస్తావు కదూ అని చెప్పి వెళ్ళిపోయాడు. పర్సు దొరకలేదు. కుప్పంతా తిరిగి లోపల వేసింది, తడిసిన మట్టితో సహా. అక్కడ తిట్టూ లేదు, గారాబమూ లేదు. చేసిన పనికి బాధ్యత మాత్రం ఆ చిన్న చేతుల్లోనే ఉంది.

ఒక్క బడి కథ, అదీ చదువుకున్న పిల్ల ప్రేమతో గుర్తుచేసుకున్న కథ, సైన్సులో రుజువు అనిపించుకోదు. అందుకని పెద్ద లెక్క ఒకటి చెప్తాను. 2011లో జోసెఫ్ డర్లాక్ బృందం, పిల్లలకి తమ మనసుని గుర్తుపట్టడం, కోపం పట్టుకోవడం, తగువులు తీర్చుకోవడం బళ్ళో నేర్పిన 213 కార్యక్రమాల ఫలితాలు కలిపి చూసింది. కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు దాకా పిల్లలు మొత్తం 2,70,034 మంది. ప్రవర్తన బాగుపడిందనేది అనుకున్నదే. చదువు మార్కులు కూడా పదకొండు పర్సెంటైల్ పాయింట్లు పెరిగాయి. వందమంది వరసలో నడిమధ్య నిలబడ్డవాడు పదకొండుమందిని దాటి ముందుకెళ్ళినట్టు. మనసుకి ఇచ్చిన టైము చదువులోంచి పోలేదు.

1945లో అమెరికా విమానాలు వేసిన బాంబులకి ఆ రైలుపెట్టెలు కాలిపోయాయి. మంటల్ని చూస్తూ నిలబడ్డ కొబయాషి, పక్కనున్న కొడుకుని, ఈసారి ఎలాంటి బడి కడదాం అని అడిగాడట. కిండర్‌గార్టెన్ మళ్ళీ పెట్టగలిగాడు. ప్రాథమిక పాఠశాల మళ్ళీ పెట్టకుండానే 1963లో పోయాడు. స్పిరిటు దీపం వెలిగించుకు కూర్చున్న ఆ అబ్బాయి, తాయిజీ యమనౌచి, భౌతిక శాస్త్రవేత్తయి అమెరికాలో ఫెర్మీ ల్యాబ్‌లో పనిచేశాడు. 1977లో బాటమ్ క్వార్క్ అనే మూలకణం ఉనికిని బయటపెట్టిన పరిశోధనా పత్రం రచయితల్లో ఆయన పేరుంది. ముల్లంగి గెలుచుకున్న అబ్బాయి ఒక పెద్ద కంపెనీలో చేరాడు. అక్కడ ఉద్యోగుల కష్టసుఖాలు వినడం, వాళ్ళ మధ్య పొత్తు కుదర్చడం వాడి పని.

ఇక బడి వెతుక్కునేవాళ్ళ కోసం. ఏసీ గదులూ, స్మార్ట్ బోర్డులూ, ర్యాంకుల ఫ్లెక్సీలూ ఎలాగూ వాళ్ళే చూపిస్తారు. మీరు ఒకటో తరగతి గది బయట కాసేపు నిలబడతామని అడగండి. టీచరు ప్రశ్న వేశాక మనసులో ఒకటీ, రెండూ, మూడూ లెక్కపెట్టుకోండి. తప్పు జవాబు చెప్పిన పిల్లవాడు కూర్చున్నాక వాడి మొహం చూడండి, పక్కవాళ్ళ మొహాలు చూడండి. ఆయమ్మతో రెండు మాటలు మాట్లాడండి, పిల్లలు ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారో ఆవిడకి తెలుస్తుంది. తెలుగులో మాట్లాడితే ఫైను వేసే బళ్ళు కొన్ని ఉన్నాయి కనుక ఇదొకటి గట్టిగా అడగండి: ఇంగ్లీషు రాని పిల్లవాడు మొదటి ఏడాది కడుపునొప్పి వచ్చినా, ఒంటేలుకి వెళ్ళాలన్నా, ఎవరైనా కొట్టినా తెలుగులో చెప్పుకోవచ్చా అని. అర్జెంటుగా బయటికి పోవాల్సినవాడు ఇంగ్లీషు వాక్యం కూర్చుకుంటూ నిలబడితే, ఆ పూట వాడి పలకమీద ఇంక దేనికీ చోటుండదు. సరైన జవాబు వచ్చాకే ఫీజు కట్టండి.